టేస్ తర్వాత పెర్ఫ్యూజన్ మ్యాప్‌లో లిపియోడాల్ పక్కన ఎర్ర మచ్చ: రికరెన్సేనా?

స్కాన్‌రూమ్:
హెచ్‌సీసీకి (లివర్ క్యాన్సర్) టేస్ (గడ్డకి వెళ్లే ధమనిలోకి మందు ఎక్కించి రక్తం ఆపే చికిత్స) చేసి 3 నెలలైన లివర్. పెర్ఫ్యూజన్ సీటీలో (రక్తప్రసారాన్ని రంగుల్లో చూపే స్కాన్), సెగ్మెంట్ 7లో (లివర్ కుడి పైభాగం) లిపియోడాల్ (టేస్‌లో వాడే, సీటీలో తెల్లగా కనిపించే నూనె మందు) ముద్ద అంచున ఆర్టీరియల్ మ్యాప్ ఎర్రగా వచ్చింది. ట్రిఫేజిక్‌లో (కాంట్రాస్ట్ ఇచ్చి మూడు దశల్లో తీసే మామూలు సీటీ) ఏమీ తేలలేదు. రికరెన్స్ (గడ్డ మళ్లీ వచ్చింది) అని రాయొచ్చా? 80 కేవీ, కాంట్రాస్ట్ 50 మి.లీ., సెకనుకు 4 మి.లీ., 22 గేజ్ క్యాన్యులా, స్కాన్ 35 సెకన్లు.

కర్వ్‌చూడు:
రంగు సంగతి తర్వాత, ముందు స్కానే సరిగ్గా లేదండీ. 22 గేజ్‌తో 4 మి.లీ. పెడితే ప్రెషర్ లిమిట్ తగిలి ఇంజెక్టర్ రేటు తగ్గించేస్తుంది. బోలస్ (ఒక్కసారిగా వెళ్లాల్సిన మందు) సాగిపోతుంది, స్లోప్ (కర్వ్ పైకి లేచే వాలు) పడిపోతుంది. మోచేతి నరంలో 18 గేజ్ పెట్టి, మి.లీ.కి 350–370 మి.గ్రా. అయోడిన్ బలం ఉన్న కాంట్రాస్ట్ సెకనుకు 5 మి.లీ. ఇచ్చి, వెనకాలే 40 మి.లీ. సెలైన్ తోయండి.

35 సెకన్లు అసలు చాలదు. మామూలు లివర్‌కి రక్తం ముప్పాతిక వంతు పోర్టల్ వెయిన్ (పేగుల నుంచి లివర్‌కి వచ్చే సిర) నుంచే వస్తుంది. మ్యాగ్జిమమ్ స్లోప్ పద్ధతిలో ప్లీహం పీక్ దగ్గర గీత గీసి, అటు ఆర్టీరియల్, ఇటు పోర్టల్ అని విడదీస్తాం. ఆ ఇటు భాగం రాకముందే మీరు స్కాన్ ఆపేశారు. పోర్టల్ వాటా తక్కువగా లెక్కకొచ్చి పెర్ఫ్యూజన్ ఇండెక్స్ (మొత్తం రక్తంలో ధమని వాటా) లివరంతా పెరిగినట్టు కనిపిస్తుంది. కనీసం 55–60 సెకన్లు తీయండి.

లివర్‌డెస్క్:
పై మాటకి ఇంకొకటి. డయాఫ్రమ్ కింద సెగ్మెంట్ 7 ఊపిరితో బాగా కదులుతుంది. లిపియోడాల్ హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలత) వందల్లో ఉంటుంది కాబట్టి అది రెండు మూడు పిక్సెళ్లు జరిగినా అంచున ఎన్‌హాన్స్‌మెంట్ (కాంట్రాస్ట్‌తో వెలగడం) వచ్చినట్టు సాఫ్ట్‌వేర్ లెక్కేసుకుంటుంది. మోషన్ కరెక్షన్ పెట్టి, ముద్దకి ఆనకుండా చిన్న ఆర్‌ఓఐ (కొలిచే చోటు చుట్టూ గీసే వలయం) వేసి టైమ్-డెన్సిటీ కర్వ్ (సమయంతో సాంద్రత ఎలా మారిందో చూపే గీత) చూడండి. బతికున్న గడ్డైతే అయోర్టా లేచిన కొన్ని సెకన్లకు నున్నగా లేస్తుంది. కదలికైతే రంపం పళ్లే.

ఆకారం కూడా చూడాలి. ముద్దకి ఆనించినట్టు మందంగా, గడ్డలా ఉంటే అనుమానించాలి. క్యాప్సూల్ (లివర్ పై పొర) వైపు వెడల్పయ్యే త్రికోణమైతే ఆర్టీరియోపోర్టల్ షంట్ (ధమని రక్తం నేరుగా పోర్టల్ సిరలోకి పోవడం) కావచ్చు, ఇండెక్స్ అక్కడా పెరుగుతుంది. అబ్లేషన్ (గడ్డని వేడితో కాల్చడంలాంటి చికిత్స) తర్వాత మొదటి నెలల్లో వచ్చే సన్నటి సమానమైన రింగు చాలాసార్లు వాపే.

స్కాన్‌రూమ్:
కర్వ్ తీశాను. అయోర్టాలోకి మందు రాకముందే పైకీ కిందకీ ఊగుతోంది.

లివర్‌డెస్క్:
అయితే అది కదలికే, ఆ మచ్చని రిపోర్టులోకి ఎక్కించకండి. లైరాడ్స్ (లివర్ గడ్డల రిపోర్టింగ్ పద్ధతి) ట్రీట్‌మెంట్ రెస్పాన్స్‌లో రంగు మ్యాప్ ఒక్కటే చూసి వయబుల్ (గడ్డ బతికుంది) అనే వీలు లేదు. మళ్లీ పెర్ఫ్యూజన్ తీసి రేడియేషన్ డోస్ పెంచే బదులు కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ రాయండి, లిపియోడాల్ అక్కడ అంత అడ్డురాదు. చచ్చిన గడ్డలో పాత రక్తం టీ1లో (ఒక రకం ఎంఆర్‌ఐ చిత్రం) ముందే తెల్లగా ఉంటుంది, సబ్‌ట్రాక్షన్ (కాంట్రాస్ట్ తర్వాతి చిత్రంలోంచి ముందటిది తీసేయడం) తప్పక అడగండి. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కి చేసే రక్తపరీక్ష) పాత విలువ పక్కనే రాస్తే ఇంకా మంచిది.