ఊరి కమ్యూనిటీ హాలుకి ర్యాంపు: డబ్బు పంచాయతీదా, దాతలదా?

గోదారిగట్టు: మా ఊరి కమ్యూనిటీ హాలు పాతది. అరుగు మూడడుగుల ఎత్తు, ముందు మెట్లు, పట్టుకోడానికి కడ్డీ లేదు. గ్రామసభ, కంటి శిబిరం, పోలింగు అన్నీ అందులోనే. ఎన్నికలప్పుడు చెక్క ర్యాంపు తెచ్చి వేస్తారు, ఓట్లు పడగానే పట్టుకుపోతారు. పక్కా ర్యాంపు, వెడల్పు తలుపున్న మరుగుదొడ్డి కట్టమంటే సర్పంచి గారు దాతని వెతకమంటున్నారు. పంచాయతీ డబ్బుతోనే కట్టాలన్నది నా వాదన. మీరేమంటారు?

పన్నుకట్టేవాణ్ణి: మా పంచాయతీలో వీధిదీపాల కరెంటు బిల్లే బకాయి. మురుగు కాలువ పొంగితే ఊరంతా ఇబ్బంది. హాలుకి మూడు చక్రాల బండి మీద వచ్చేవాళ్లు ఎందరండీ? బడి గదులు, మంచినీళ్ల ట్యాంకు దాతలే కట్టించారు. అమెరికాలో ఉన్న మనవాళ్లని అడిగితే కాదనరు. డబ్బు ఎవరిదైతేనేం, పని జరగాలి.

చంకకర్రలు: ఎందరొస్తారని అడుగుతున్నారు. రాలేక ఇంట్లో ఆగిపోయినవాళ్లు మీ లెక్కలోకి ఎలా వస్తారు సార్?

దాతల సంగతీ చెప్తాను. మా మండల కేంద్రంలో ఒక హాలుకి అలాగే కట్టించారు. మెట్ల పక్కన మిగిలిన కాస్త జాగాలో నిట్రంగా లేపి, పైన నున్నటి గ్రానైట్ పరిచారు. చినుకు పడితే కర్ర ఆనదు. ఇప్పుడు దాని మీద బైకులు ఎక్కిస్తారు, వంట గిన్నెలు దించుతారు. ఆయన మంచి మనసుతోనే ఇచ్చారు, నాకు కోపం లేదు. కానీ తప్పుగా కట్టారని ఆయన్ని అడిగేదెవరు? పంచాయతీ పనైతే అంచనా ఉంటుంది, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, లెక్కలు ఉంటాయి, గ్రామసభలో నిలదీయొచ్చు. నాకు కావలసింది ఆ నిలదీసే హక్కు.

గోదారిగట్టు: అదే నేననేది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అప్పటికే ఉన్న పబ్లిక్ భవనాలన్నిటినీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో సరిచేయాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2022తోనే సరి. డబ్బు లేదన్నదీ పూర్తి నిజం కాదు. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన 2021-26 గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టేసి, 40 శాతం స్థానిక అవసరాలకి వదిలింది. జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ వాడకూడదంది, అంతే.

కులసంఘం_కార్యదర్శి: మా భవనం చందాలతో కట్టుకున్నది, సర్కారు పైసా లేదు. మాకూ వర్తిస్తుందంటారా?

గోదారిగట్టు: జనం వాడే భవనం ప్రైవేటుదైనా ఆ చట్టం దృష్టిలో పబ్లిక్ భవనమే అండి. పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారుగా. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ర్యాంపుల్లాంటి సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదు, కొన్ని తప్పనిసరి చేయాలని కేంద్రానికి చెప్పింది. కోర్టు ముందున్న నివేదిక మన హైదరాబాదు నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లదే.

సైటింజనీరు: వాలు 1:12ని మించకూడదు, అంటే అడుగు ఎత్తుకి కనీసం పన్నెండడుగుల పొడవు. మూడడుగుల అరుగుకి కనీసం 36 అడుగుల పొడవు, మధ్యలో ఆగడానికి చదును వేరే. ముందు అంత జాగా లేకపోతే మలుపు తిప్పండి, వాలు మాత్రం పెంచొద్దు. రెండు పక్కలా రెయిలింగ్, పైన గరుకు. మరుగుదొడ్డి తలుపు 900 మిల్లీమీటర్లు, బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపుకి అడ్డంగా ఉంటాడు, ఎవరూ వెళ్లలేరు.

పన్నుకట్టేవాణ్ణి: చట్టం కాదనను. కానీ ఆ 40 శాతంలోనే రోడ్డు గుంతలూ, శ్మశానం దారీ ఉన్నాయి. దాత ఇస్తానంటే వద్దనడం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

చంకకర్రలు: వద్దనకండి. పంచాయతీ ఖాతాలో జమ చేయించండి, ఏఈ అంచనా ప్రకారం కట్టించండి. దాత రాలేదని పని ఆపడమే నేను ఒప్పుకోను.

గోదారిగట్టు: తీర్మానం అలాగే రాస్తాను. ఈసారి గ్రామసభ బడి ఆవరణలో పెట్టమని అర్జీ కూడా ఇచ్చాను, అక్కడ మెట్లు లేవు.