‘మౌంట్’ అంటే అమర్చడమా, తగిలించడమా, బిగించడమా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మా విజయవాడ రైడర్ల బృందంలో కొత్తగా చేరేవాళ్ల కోసం రెండు పేజీల కాగితం ఒకటి రాస్తున్నాను. కొండదారుల్లో, మట్టిదారుల్లో తిరిగే బండి మీద దారి చూపే పరికరం ఊడిపోకుండా ఎలా నిలబెట్టుకోవాలో అందులో చెప్పాలి. మొదటి ప్రతిలో ఇంగ్లిష్‌లో ‘మౌంట్’ ఉన్న ప్రతిచోటా ‘అమర్చండి’ అని రాసేశాను. ‘క్లాంపును హ్యాండిల్ కడ్డీకి అమర్చండి’, ‘పరికరాన్ని క్లాంపుకు అమర్చండి’. చదవడానికి శుభ్రంగానే ఉంది.

అది చదివి మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్లిన తమ్ముడొకడు పగిలిన ట్యాబ్‌తో తిరిగి వచ్చాడు. ‘అన్నా, నువ్వు రాసినట్టే అమర్చాను’ అన్నాడు. అడిగి చూస్తే నిజంగా అలాగే చేశాడు. ట్యాబ్‌ను తొడుగులో కూర్చోబెట్టాడు. క్లాంపు నుంచి వచ్చే ‘చేయి’ చివర ఎటైనా తిరిగే బంతి ఉంటుంది, తొడుగును దాని మీద పెట్టాడు, ఎండ పడకుండా తన వైపు తిప్పుకున్నాడు. స్క్రూ మాత్రం చేత్తో రెండు చుట్లు తిప్పి వదిలేశాడు. తప్పు అతనిది కాదు, నా మాటది. అమరడం అంటే చోటుకు కుదరడం, పొందిగ్గా ఉండడం. జడలో పువ్వు అమరుతుంది, ఉంగరంలో రాయి అమరుతుంది. ఆ మాటలో అందం ఉంది, కుదురు ఉంది, కానీ బలం పెట్టమన్న సూచన లేదు.

‘తగిలించు’ అంటే ఇంకా చిక్కు. చొక్కాను కొక్కేనికి తగిలిస్తాం, పటాన్ని మేకుకు తగిలిస్తాం. అక్కడ వస్తువును నిలిపేది దాని సొంత బరువే, కిందికి లాగుతూ ఉంటుంది కాబట్టి ఆగుతుంది. గోడ ఎగరదు, బండి ఎగురుతుంది. గతుకులో చక్రం లేచిన క్షణంలో కుదుపు పరికరాన్ని పైకి విసురుతుంది, ఆ బరువు దాన్ని ఆపలేదు.

ఇక మిగిలింది ‘బిగించు’. బిగి, బిగువు, బిగుతు, బిగింపు, ఊపిరి బిగబట్టడం, నడుం బిగించడం. ఈ కుటుంబంలో ప్రతి మాటలోనూ మనిషి పెట్టే బలం వినిపిస్తుంది. నాకు కావలసిన మాట ఇదే అనిపిస్తోంది. కానీ అన్నిచోట్లా ‘బిగించండి’ అని రాస్తే మళ్లీ పాత తప్పే చేస్తానేమో! అమర్చాల్సిన చోటు ఒకటి, తగిలించాల్సిన చోటు ఒకటి, బిగించాల్సిన చోటు ఒకటి ఉన్నాయేమో. మీరేమంటారు?

బరువు గురించి కూడా చెప్పాలి, మాట ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంది. గార్మిన్ జూమో ఎక్స్‌టి లాంటి 5.5 అంగుళాల జీపీఎస్ 262 గ్రాములే. నా ఎనిమిది అంగుళాల గట్టి రకం ట్యాబ్ అయితే 430 గ్రాముల దాకా ఉంటుంది. దాని తొడుగు, తాళం, చార్జింగ్ తీగ, బంతి, చేయి అన్నీ కలిపి మా వీధి కిరాణా కొట్లో కాటా మీద పెడితే 780 గ్రాములు వచ్చింది. గతుకులో ఐదు రెట్ల కుదుపు తగిలిందనుకోండి, ఆ క్షణానికి అది దాదాపు నాలుగు కిలోల బరువు. అది క్లాంపుకి ఆరు సెంటీమీటర్ల దూరంలో కాకుండా పన్నెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటే, క్లాంపును తిప్పేసే బలం రెట్టింపవుతుంది. చేయి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని మా వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా, స్క్రీన్ కళ్లకు దగ్గరగా ఉండాలని పొడవు చేతులే కొంటున్నారు.

గుంటూరు నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు

నాయనా, మంచి చర్చ తెచ్చావు. నువ్వు అనుకున్నది నిజమే, ఒక్క మాటతో పని జరగదు. వరస చూడు. ముందు ఆనిస్తాం, తరవాత అమరుస్తాం, ఆ తరవాత బిగిస్తాం. ఇంగ్లిష్ వాడు పని మొత్తానికీ ఒక పేరు పెట్టుకున్నాడు, మనం చేతి కదలిక మారినప్పుడల్లా మాట మార్చుకున్నాం.

నీ కాగితంలో బిగింపు ఒక్కటే కాదు, దాని ఎదురు మాటలు కూడా సరిగా ఉండాలి. ‘వదులు’, ‘సడలు’ ఒకటి కావు. మొదటి నుంచీ బిగువు లేనిది వదులు. వదులు చెప్పులు, వదులు చొక్కా. ఒకప్పుడు బిగువుగా ఉండి క్రమంగా ఆ బిగువు కోల్పోయేది సడలుతుంది. ముడి సడలుతుంది, పట్టు సడలుతుంది. అందుకే ఆంక్షల సడలింపు అంటాం, వదులింపు అనం. మారేడుమిల్లి కుర్రాడిది వదులు. నీకెప్పుడైనా సడలిన అనుభవం ఉందా?

నా జవాబు

ఉంది మాస్టారూ. మనాలీ నుంచి లేహ్ వెళ్తున్నప్పుడు. సర్చూ దాటాక గాటా లూప్స్ అని ఇరవై ఒక్క మలుపుల ఎక్కుడు వస్తుంది, దాని మీద నకీలా కనుమ. బయల్దేరే ముందు రోజు పానాతో స్వయంగా బిగించాను. నాలుగు రోజులు కదల్లేదు. నకీలా దిగుతుంటే పరికరం తల వాల్చింది. బండి ఆపి చూస్తే నాలుగు స్క్రూలలో రెండు లేవు, మూడోది వేలితో తిరుగుతోంది. ఇన్నేళ్లూ దాన్ని ‘లూజైంది’ అని చెప్పుకుంటూ వచ్చాను. మీరు చెప్పాక తెలిసింది, అది సడలడం. కాగితంలో ఈ రెండిటినీ విడదీస్తాను, ఎందుకంటే మందు వేరు. వదులుకు పానా చాలు, సడలడానికి రోజూ చూసుకోవాలి.

స్టుట్‌గార్ట్ నుంచి, మెకానికల్ ఇంజనీరు

అన్నయ్యా, మాస్టారు చెప్పిన ‘సడలు’ మా రంగంలో పెద్ద విషయం. బోల్టు ఎందుకు సడలుతుందో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రయోగం చేసి చూపించారు. మర (బోల్టు మీది చుట్ల గాడి) వెంబడి నిలువుగా లాగే బలం కన్నా, బిగించిన రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా జారడమే బోల్టును ఎక్కువగా తిప్పుతుంది. అవి జారిన ప్రతిసారీ మరలో రాపిడి పట్టు కొంత తప్పుతుంది, బోల్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. వేల సార్లు అలా జరిగితే ఊడుతుంది. ముక్కలు అసలు జారకుండా ఉండేంత బిగువు ఉంటే ఈ గొలుసు మొదలే కాదు.

ఆయన పేరు మీద ఉన్న పరీక్షలో స్ప్రింగ్ వాషర్ పెద్దగా నిలవదు. నైలాన్ రింగు ఉన్న నట్టు మేలు. మరకు పూసే జిగురు ఇంకా మేలు. నీలం రంగుది వాడండి, మామూలు పానాతో విప్పుకోవచ్చు. ఎరుపుది వేడి చేస్తే గాని రాదు. ఒక్క జాగ్రత్త: ఆ జిగురు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పగుళ్లు పెడుతుంది. ప్లాస్టిక్ తొడుగులోకి వెళ్లే స్క్రూలకు వద్దు, లోహానికీ లోహానికీ మధ్యే.

వరంగల్ నుంచి, బైక్ మెకానిక్

అన్నా, మా దగ్గర ‘బిర్రు’ అంటారు. ‘బిర్రుగ కట్టు’, ‘మూత బిర్రుగ ఉంది’. బిగుతు కన్నా ఒక మెట్టు ఎక్కువ. మీ కాగితంలో ఈ మాట కూడా పెట్టండి, వద్దని చెప్పడానికి. నా షెడ్డుకు వచ్చే బండ్లలో సడలినవి ఎన్నో, బిర్రుగ బిగించి మర పోగొట్టుకున్నవి కూడా అన్నే. ఈ తొడుగుల వెనక ఉండే స్క్రూలు సన్నవి, అల్యూమినియంలోకి వెళ్తాయి. పొడుగు పానా వేసి భుజం బలంతో తిప్పితే చివరి అర చుట్టు మెత్తగా తిరుగుతుంది. ఆ మెత్తదనం వచ్చిందంటే మర పోయిందనే. చిన్న ఆలెన్ కీ, రెండు వేళ్ల బలం చాలు.

ఇంకో సంగతి. గుండ్రటి కడ్డీ మీద క్లాంపు ఎంత బిగించినా తిరగాలనే చూస్తుంది. పాత ట్యూబు ముక్క కోసి మధ్యలో చుట్టండి. కడ్డీ కొలత కూడా చూసుకోవాలి. మామూలు హ్యాండిల్ 22.2 మిల్లీమీటర్లు, మధ్యలో లావుగా ఉండే రకం 28.6, మీటరు పైన అడ్డంగా ఉండే సన్న కడ్డీ చాలా బండ్లకు 12. పెద్ద క్లాంపు తెచ్చి సన్న కడ్డీకి పేపరు మడతలు పెట్టి బిగించినవాళ్లను చూశాను. వానకు పేపరు నానితే ఇంకేముంది.

నా జవాబు

‘బిర్రు’ మా వైపూ ఉంది అన్నా, కానీ ‘బిర్రబిగుసుకుపోయింది’ అన్నప్పుడే వాడతాం. విడిగా ఇంత చక్కగా నిలబడుతుందని మీరు చెప్పేదాకా తోచలేదు. వదులు, బిగువు, బిర్రు. కాగితానికి ఈ మూడు మెట్లు చాలు.

మాస్టారు

ఇంకో జంట ఉంది నాయనా. అదురు, కుదుపు. ఇంజన్ వల్ల ఆగకుండా సన్నగా వచ్చేది అదురు. గతుకు వల్ల ఒక్కసారిగా వచ్చేది కుదుపు. రెండింటికీ ‘కంపనం’ అని రాస్తే చదివేవాడికి దేని గురించి చెబుతున్నావో తెలియదు.

నా జవాబు

ఇది చాలా పనికొచ్చే మాట మాస్టారూ. అదురు చేసే హాని వేరు, కుదుపు చేసే హాని వేరు. కుదుపు చేతిని వంచుతుంది, బంతిని జార్చుతుంది, అది కంటికి కనబడుతుంది. అదురు కనబడకుండా మరలను సడలిస్తుంది, పరికరం లోపలి భాగాలను కూడా అరగదీస్తుంది. పెద్ద ఇంజన్ల మోటార్‌సైకిళ్ల అదురుకు ఐఫోన్ కెమెరా పాడయ్యే అవకాశం ఉందని ఆపిల్ 2021లో బహిరంగంగా హెచ్చరించింది. చేయి వణికినా బొమ్మ చెదరకుండా లెన్సును కదిలించే చిన్న ఏర్పాటు ఆ కెమెరాలో ఉంటుంది, ఆగని అదురుకు దెబ్బ తినేది అదే. అలాంటి బండి మీద ఫోన్ పెట్టవద్దని, మోపెడ్, స్కూటర్ లాంటి చిన్న బండి మీద పెడితే అదురు తగ్గించే ఏర్పాటు మధ్యలో ఉంటే మంచిదని కూడా చెప్పింది.

అందుకే రబ్బరు పూత ఉన్న బంతి రకం క్లాంపులు మా వాళ్లకు నచ్చుతాయి. వాటి గుణం చెప్పడానికి నాకు ‘పట్టు-విడుపు’ అన్న మాట గుర్తొస్తుంది. మనుషుల మధ్య రాజీకి వాడే మాటే, కానీ ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. మామూలు అదురుకు పట్టి ఉంచుతుంది, పెద్ద కుదుపుకు విరగకుండా కొంచెం తిరిగి విడుస్తుంది. బరువును బట్టి బంతి ఎంచుకోవాలి. ఈ క్లాంపులు చేసే ర్యామ్ కంపెనీ వాళ్లు మొరటు వాడకానికి అంగుళం బంతిని దాదాపు 900 గ్రాముల వరకూ, అంగుళంన్నర బంతిని 1.8 కిలోల వరకూ చెబుతారు. నా 780 గ్రాములకు అంగుళం బంతి లెక్క ప్రకారం చాలు, అయినా నకీలా తరవాత అంగుళంన్నరకే మారాను.

ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఒక సభ్యురాలు

అన్నయ్యా, బండి సంగతులు నాకు తెలియవు, గొడ్ల సంగతి తెలుసు. కొయ్య ఎంత లోతుగా దిగేసినా పలుపు లేకుండా గేదెను వదలం. మీ పరికరానికి పలుపు లేదా?

నా జవాబు

ఉంది చెల్లెమ్మా. తొడుగుకూ కడ్డీకీ మధ్య సన్న స్టీలు తీగ కడతాం. క్లాంపు మొత్తం ఊడినా పరికరం రోడ్డు మీద పడకుండా వేలాడుతుంది. కాగితంలో దానికి ‘సేఫ్టీ వైర్’ అని రాశాను. ఇప్పుడు ‘పలుపు’ అని మారుస్తున్నాను. పల్లెటూరి పిల్లవాడెవరికీ ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. పలుపు పొడవు ఎంతుండాలో కూడా ఆ మాటే చెప్పేస్తుంది: గేదె పక్క చేలోకి వెళ్లనంత. ఇక్కడ చక్రం దాకా వెళ్లనంత.

అందరూ చెప్పింది కలిపి అసలు భాగం మళ్లీ రాశాను. చూడండి:

‘ముందు క్లాంపును కడ్డీ మీద ఆనించి, ట్యూబు ముక్క చుట్టి, బిగించండి. బిర్రుగా బిగించవద్దు, మర పోతుంది. దండను పొట్టిగా ఉంచండి. తొడుగును బంతి మీద అమర్చి, స్క్రీన్ మీ వైపు తిప్పుకొని, అప్పుడు దండ మర బిగించండి. పరికరాన్ని తొడుగులో పెట్టి తాళం వేయండి. పలుపు కట్టండి. ప్రతి బోల్టు తల మీద నుంచి కింది ముక్క దాకా గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. రోజూ పొద్దున ఆ గీత చూడండి. గీత విరిగి కనిపిస్తే బోల్టు సడలిందని గుర్తు.’

‘తగిలించు’ ఎక్కడా రాలేదు, గమనించారా? మొత్తం పనిలో దానికి చోటు లేదు.

మాస్టారు

బాగుంది నాయనా. ఒక్క సవరణ. ‘దండ’ అంటే చదివేవాడికి పూలదండ తోస్తుంది. మొదట్లో నువ్వే ‘చేయి’ అన్నావు. అదే ఉంచు, పొట్టి చేయి, పొడుగు చేయి అని ఎలాగూ అంటారు.

నా జవాబు

మార్చాను మాస్టారూ. ఆదివారం ఆ మారేడుమిల్లి తమ్ముడి చేతికి ఈ కాగితం, పానా ఇచ్చి, నేను పక్కన మాట్లాడకుండా కూర్చుంటాను. అతను ఎక్కడ ఆగి నా వైపు చూస్తాడో, ఆ మాట పట్టుకొని మళ్లీ ఇక్కడికే వస్తాను.