అద్దె ఇంటి రిపేర్ల ఖర్చు ఐటీ రిటర్న్‌లో చూపించుకోవచ్చా?

ప్రశ్న: అద్దెకిచ్చిన ఇంటికి పోయిన ఆర్థిక సంవత్సరంలో 1,80,000 వదిలింది. స్లాబ్ కారుతుంటే వాటర్‌ప్రూఫింగ్ చేయించాను, వైరింగ్ మార్పించాను, రంగులు వేయించాను. అద్దె నెలకు 20,000. ఇంటి పన్ను 10,000. బిల్లులన్నీ దాచాను. ఈ ఖర్చు పోగా మిగిలిన అద్దె చూపిస్తే చాలా?

జవాబు: కుదరదండీ. ఇంటి అద్దె ఆదాయంలో రిపేర్ల బిల్లులు చూడరు. ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం తగ్గిస్తారు, అంతే. పాత విధానమైనా కొత్త విధానమైనా ఇదే లెక్క. మీకు 2,40,000లో 10,000 పోతే 2,30,000. అందులో 30 శాతం, అంటే 69,000 తీసేస్తే 1,61,000 మీద పన్ను.

ప్రశ్న: గోడకు మేకు కూడా కొట్టించని ఓనర్‌కీ 69,000 తగ్గుతుందా? ఇదేం న్యాయమండీ!

జవాబు: తగ్గుతుంది. ఏ ఖర్చూ లేని ఏళ్లలో మీరూ తీసుకునే ఉంటారు కదా! సరేగానీ, రిపేర్లకు అప్పేమైనా చేశారా?

ప్రశ్న: చేశాను. ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లోనే మా బావమరిది దగ్గర లక్ష, రూపాయి వడ్డీకి.

జవాబు: అది ముందే చెప్పాల్సింది! అద్దెకిచ్చిన ఇంటి రిపేర్లకు చేసిన అప్పు మీద వడ్డీ, ఆ 30 శాతం కాక, విడిగా తగ్గుతుంది. బ్యాంకు అప్పే కానక్కర్లేదు. ఏడాదికి 12,000. అసలు మాత్రం తగ్గదు. నోటు రాయించుకోండి, వడ్డీ ఖాతాకే పంపండి. బావమరిది ఆ వడ్డీని తన ఆదాయంలో చూపించాలి, ఆ మాట ఆయన చెవిన వేయండి.

ఇంకొకరు: బిల్లులు పారేయకండి. మామూలు మరమ్మతులవి ఎలాగూ పనికిరావుగానీ, ఎప్పుడైనా పైన గది వేస్తే ఆ ఖర్చు ఇల్లు అమ్మేటప్పుడు కొన్న ధరకు కలుస్తుంది, లాభం ఆ మేరకు తగ్గుతుంది. రెండేళ్లు దాటాక అమ్మితే ఆ లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే ఇండెక్సేషన్‌తో (అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూసి) 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. గదికి మేస్త్రీ చేతికి క్యాష్ ఇచ్చి కాగితం లేకుండా చేసుకుంటే అప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: ఇంకో సంగతండీ. ఇంటి పన్ను మార్చి 31 లోపు కట్టలేదు, ఏప్రిల్ మొదటివారంలో కట్టాను. పర్వాలేదా?

జవాబు: ఆ 10,000 ఈ రిటర్న్‌లో రాదండీ, ఏ ఏడాది కడితే ఆ ఏడాదే. కాబట్టి 2,40,000లో 30 శాతం 72,000, బావమరిది వడ్డీ 12,000 తీసేస్తే 1,56,000. పన్ను రసీదు వచ్చే ఏడాదికి దాచండి.