చెక్కపొట్టు, పీచు పొట్టు ఎగిరే షెడ్డులో కంప్యూటర్: డబ్బాలో పెట్టాలా, బయట పెట్టాలా?

కోనసీమ_చెక్కపని:

అంబాజీపేట దగ్గర, ఇంటి వెనకాల 12 × 20 అడుగుల రేకుల షెడ్డు. అందులో 2 × 3 అడుగుల సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే యంత్రం), టేబుల్ రంపం, ఒక యాంగిల్ గ్రైండర్ ఉన్నాయి. గుమ్మాల మీద లతలు, పూజా మందిరాల తలుపులు చెక్కే పని. టేకు కొంత, ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే పలక) ఎక్కువ. రౌటర్‌ని నడిపేది జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాం ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు, పక్కనే మామూలు టవర్ కంప్యూటర్ (65 వాట్ల ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు), మధ్యలో యూఎస్‌బీ కేబుల్. రోడ్డుకి అవతల కొబ్బరి పీచు మిల్లు ఉంది, గాలి ఇటు తిరిగితే ఆ పొట్టంతా మా షెడ్డులోకే.

ఇబ్బందులు మూడండి. ఎండాకాలం మధ్యాహ్నాలు దానంతటదే ఆగిపోతోంది. ముసురు పట్టిన రోజు పొద్దున్నే బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు. పొట్టు లాగే వాక్యూమ్ ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి యూఎస్‌బీ తెగిపోయి చెక్కుడు మధ్యలో ఆగుతుంది, ఆ చెక్క ఇక పనికిరాదు.

ప్లాస్టిక్ కవరు చుట్టేస్తే చాలా, ఇనప డబ్బా చేయించాలా, ల్యాప్‌టాప్ కొనుక్కోవాలా?

గోదావరి_సర్వీస్:

కవరు మాత్రం వద్దండి. దుమ్ము ఎలాగూ దూరుతుంది, వేడి మాత్రం బయటికి పోదు. ల్యాప్‌టాప్ ఇంకా నయం కాదు: దాని హీట్‌సింక్ రెక్కల సందులు టవర్ కంటే సన్నం, ఎండీఎఫ్ పొడికి తొందరగా పూడిపోతాయి, విప్పడం కష్టం.

మీరు చెప్పిన మూడూ ఒకే జబ్బు కావు. మధ్యాహ్నం ఆగడం వేడి వల్ల. ముసురు పొద్దున తెర రాకపోవడం తేమ వల్ల. వాక్యూమ్‌తో తెగడం కరెంటు, స్టాటిక్ సంగతి. దేని మందు దానికే.

తేమ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే డెల్టాలో దుమ్ము ఒట్టి దుమ్ముగా ఉండదు. గాలిలో తేమ 85 శాతం దగ్గర ఉన్నప్పుడు చెక్క తన బరువులో సుమారు 17, 18 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది, పొట్టు కూడా అంతే. పీచు పొట్టు ఇంకా ఘోరం. అది తన బరువుకి ఎన్నో రెట్ల నీరు పీలుస్తుంది. పైగా కడగని పీచు పొట్టులో పొటాషియం, సోడియం ఉప్పులు ఉంటాయి. నర్సరీల వాళ్లు దాన్ని కడిగి వాడేది అందుకే. ఆ ఉప్పు పొట్టు మదర్‌బోర్డు మీద పరుచుకుని, ముసురుకి చెమ్మగిల్లితే సన్నగా కరెంటు పారుతుంది, ర్యామ్ కాంటాక్టుల చుట్టూ చిలుం పడుతుంది. ఎండ వచ్చి పొట్టు ఆరితే మళ్లీ మామూలుగా ఆన్ అవుతుంది. మనం వదిలేస్తాం, అది లోపల తినేస్తూ ఉంటుంది.

ముందు ఉన్నదాన్ని శుభ్రం చెయ్యండి, ఇలా:

ప్లగ్ పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జి పోతుంది. కేసు పెరట్లోకి తెచ్చి పక్క రేకు విప్పండి. మెత్తటి పెయింట్ బ్రష్‌తో ముందు పొట్టు కదపండి, తర్వాతే గాలి కొట్టండి. కంప్రెసర్ వాడితే ట్యాంకులో నీళ్లు ముందు వదిలెయ్యాలి. మన వైపు తేమకి అందులో నీరు చేరకుండా ఉండదు, ఆ నీరే బోర్డు మీద చిమ్ముతుంది. రెగ్యులేటర్ 2 బార్ దాటనివ్వొద్దు, నాజిల్ అడుగు దూరంలో ఉండాలి. ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేస్తే గాలికి అది తన వేగం దాటి తిరిగి బేరింగ్ పాడవుతుంది, పైగా డైనమోలా బోర్డులోకి కరెంటు తోస్తుంది. వాక్యూమ్ ప్లాస్టిక్ ముక్కు మాత్రం బోర్డుకి తగిలించకండి, స్టాటిక్.

పవర్ సప్లై డబ్బా విప్పొద్దు. 230 వోల్టులు లోపల డీసీ అయ్యాక 325 వోల్టుల దాకా కెపాసిటర్లలో ఉంటుంది, ప్లగ్ పీకినా కొంతసేపు నిలుస్తుంది. జాలీలోంచి గాలి కొట్టి వదిలెయ్యండి. ర్యామ్ తీసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో కాంటాక్టులు తుడవండి. ప్రాసెసర్ మీద పాత థర్మల్ పేస్ట్ తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ఫ్యాన్ గరగరమంటే నూనె పొయ్యకండి, అది పొట్టుతో కలిసి ముద్దవుతుంది. ఫ్యాన్ మార్చెయ్యడమే.

శుభ్రం చేసిన రోజే, ఒకటే ఫైలు నడుపుతూ ప్రాసెసర్ వేడి ఎంతో రాసి పెట్టుకోండి. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి సాఫ్ట్‌వేర్ చాలు. అదే పనికి, దాదాపు అదే ఎండకి 10 డిగ్రీలు పెరిగితే మళ్లీ శుభ్రం చేసే వేళ అయినట్టు. క్యాలెండర్ చూసి చేసే పని కాదిది.

చెరువుగట్టు_ప్యానెల్ (భీమవరం):

డబ్బా చేయించాలా అన్నారు కాబట్టి లెక్క చెప్తాను.

రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ స్టార్టర్లు పెట్టే రంగు వేసిన ఇనప ప్యానెల్ బాక్సులు మన ఊళ్లలో దొరుకుతాయి. ఐపీ 65 అని ఉన్నది తీసుకోండి. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకి: 5 అయితే దుమ్ము కొంత దూరినా పని చెడదు, 6 అయితే అసలు దూరదు. రెండో అంకె నీళ్లకి.

600 × 400 × 250 మి.మీ. బాక్సుని గోడకి బిగిస్తే, వెనక వైపు పోగా గాలి తగిలే ఉపరితలం సుమారు 0.74 చదరపు మీటర్లు. రంగు వేసిన ఇనుము చదరపు మీటరుకి, డిగ్రీకి 5.5 వాట్లు వదులుతుంది. అంటే ఈ బాక్సు డిగ్రీకి 4 వాట్లు. లోపల 40 వాట్లు ఖర్చయితే లోపలి గాలి బయటికంటే 10 డిగ్రీలు ఎక్కువ. రేకుల షెడ్డులో మే నెలలో 42 ఉంటే లోపల 52, ఓర్చుకుంటుంది. మీ టవర్ పూర్తి లోడు మీద 100 వాట్లు లాగితే 25 పెరిగి 67 అవుతుంది. అది మూసిన డబ్బాలో పెట్టే యంత్రం కాదు.

కాబట్టి డబ్బానే కావాలంటే రెండే దారులు. ఒకటి, ఫ్యాన్ లేని మినీ పీసీ, 10 నుంచి 15 వాట్లది, ఎస్‌ఎస్‌డీతో. పూర్తిగా మూసేసి, వైర్లన్నీ కేబుల్ గ్లాండ్‌లలోంచి (వైరు చుట్టూ సందు మూసే బిగింపులు) తెండి. గ్లాండ్ లేని బెజ్జం ఒక్కటున్నా చీమలు, బల్లి పిల్లలు కాపురం పెట్టేస్తాయి. లోపల 100 గ్రాముల సిలికా జెల్ సంచి వెయ్యండి, రంగు మారితే మూకుట్లో సన్న సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. రాత్రి కూడా మినీ పీసీని ఆన్‌లోనే ఉంచితే ఇంకా మంచిది, దాని వేడికి లోపల చెమ్మ పట్టదు. పుష్యమాసం మంచుకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

రెండోది, టవర్నే అల్మారాలో పెట్టి ఫిల్టరు గాలి లోపలికి తొయ్యడం. 120 మి.మీ. ఫ్యాన్ గాలిని లోపలికి తోయాలి, బయటికి లాగకూడదు. లాగితే ప్రతి సందులోంచీ పొట్టు దూరుతుంది. ఫిల్టరుగా కారు ఇంజన్‌కి వాడే మడతల ఎయిర్ ఫిల్టరు చాలు. ఫ్యాన్ వెడల్పు ఫిల్టరు పెడితే వారంలో మూసుకుపోతుంది, దానికి నాలుగింతల వైశాల్యం ఉండాలి. హెపా (అతి సన్న దుమ్ము పట్టే ఫిల్టరు) మీద డబ్బు దండగ. గాలి బయటికి వచ్చే చోట దారం ముక్క కట్టండి, అది వాలిపోయిందంటే ఫిల్టరు నిండింది.

గ్రైండర్ ఆ షెడ్డులోనే ఉంది కాబట్టి ఇంకొక్క మాట. ఇనప రజను చెక్కపొట్టు లాంటిది కాదు, పొడిగా ఉన్నా కరెంటు పారుతుంది, ఫ్యాన్ మోటారు అయస్కాంతానికి అతుక్కుంటుంది. గ్రైండింగ్ బయట చేసుకోండి.

కోనసీమ_చెక్కపని:

ఇద్దరికీ ధన్యవాదాలండి. షెడ్డుకీ ఇంట్లో వెనక గదికీ మధ్య గోడ ఒక్కటే. కంప్యూటర్ గదిలో పెట్టి వైర్లు గోడలోంచి తెస్తే ఈ డబ్బా గొడవ తప్పుతుందా? గది నుంచి రౌటర్‌కి 4 మీటర్లు.

గోదావరి_సర్వీస్:

ఆ మాట ముందే చెప్పుంటే ఇంత రాసేవాళ్లం కాదు కదండీ. అదే చెయ్యండి. డబ్బాల లెక్కలన్నీ గోడ లేనివాళ్లకి.

గోడకి 2 అంగుళాల పీవీసీ పైపు ముక్క పెట్టండి, ప్లగ్గులతో సహా వైర్లు దూరతాయి. తర్వాత రెండు వైపులా స్పాంజి కుక్కండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ హద్దు 5 మీటర్లు, మీ 4 మీటర్లు పైపు వంపులతో కలిపి అందులో సరిపోవాలి, కొలిచి కొనండి. తెరకి హెచ్‌డీఎంఐ 10 మీటర్ల దాకా ఇబ్బంది లేదు. షెడ్డులో తెర, సిలికాన్ తొడుగు వేసిన మామూలు కీబోర్డు, మౌస్ ఉంటే చాలు, పాడైనా తక్కువ ఖర్చు.

కంప్యూటర్ గోడ అవతలికి పోతే ఆపే బటన్ మాత్రం రౌటర్ దగ్గరే ఉండాలి. స్పిండిల్ (చెక్కే బిట్టుని తిప్పే మోటారు) కరెంటు తెంచే ఎర్ర ఎమర్జెన్సీ స్విచ్ తప్పనిసరి. దానితో పాటు, ఆర్డుయినో ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్‌కి ఏ0 పిన్ను రీసెట్, ఏ1 ఫీడ్ హోల్డ్ (కదలిక కాసేపు ఆపడం), ఏ2 సైకిల్ స్టార్ట్ (మొదలుపెట్టడం, ఆగినచోటి నుంచి కొనసాగించడం). ఒక్కోదాన్నీ నొక్కుడు స్విచ్ ద్వారా గ్రౌండ్‌కి కలిపితే పని చేస్తాయి. స్పిండిల్ నాయిస్‌కి వాటంతటవే నొక్కుకున్నట్టు అవుతుంటే ప్రతి పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో స్లీప్, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడకంలో లేని యూఎస్‌బీని విండోస్ నిద్రపుచ్చడం) రెండూ ఆపెయ్యండి.

మిల్లు_మెయింటెనెన్స్ (మండపేట):

వాక్యూమ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

కంప్యూటర్, బోర్డు, వాక్యూమ్ ఒకే లైను మీద ఉన్నాయేమో చూడండి. 1200 వాట్ల వాక్యూమ్ నడిచేటప్పుడే 5 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. వోల్టేజి కుంగి యూఎస్‌బీ జారుతుంది. మెయిన్ బోర్డు నుంచి 2.5 చదరపు మి.మీ. వైరుతో వేరే లైను, 16 ఆంపియర్ల సాకెట్ వెయ్యండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందని తేల్చుకోండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) పెట్టండి.

అలా చేసినా తెగితే అది గొట్టం స్టాటిక్. పొడి చెక్కపొట్టు ప్లాస్టిక్ గొట్టంలో రాసుకుంటూ పోతే చార్జి పుడుతుంది, స్పిండిల్ దగ్గర చిటుక్కుమంటుంది. గొట్టం చుట్టూ పొడవునా తొడుగు లేని సన్న రాగి తీగ చుట్టి ఎర్త్‌కి కలపండి. యూఎస్‌బీ కేబుల్ స్పిండిల్ వైరుకి అడుగు దూరంలో పోవాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడపకండి. ఇంకా మొండికేస్తే యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండు వైపుల కరెంటు కలవనివ్వకుండా డేటా మాత్రం పంపేది), 12 మెగాబిట్లది జీఆర్‌బీఎల్‌కి సరిపోతుంది.

షెడ్డులో ఎలాగూ మిగిలేది రౌటర్ డ్రైవ్ బాక్సు, స్విచ్ బోర్డులు. వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగం మార్చే డ్రైవ్) ఉంటే దానికీ ఫ్యాన్, హీట్‌సింక్ ఉంటాయి, కంప్యూటర్‌కి చెప్పిన శుభ్రమే దానికీ. అయితే కరెంటు తీశాక దాని కవరు మీద రాసినంత సేపు ఆగి ముట్టుకోండి. వాడని సాకెట్లకి మూత పెట్టండి. లూజు ప్లగ్గు వేడెక్కి, సాకెట్లో పేరుకున్న పొట్టు లోలోపలే రాజుకుంటుంది.

కోనసీమ_చెక్కపని:

వేరే లైను వేయిస్తున్నాను. డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, అసలు కంప్యూటర్ లేకుండా నడిపే చేతి కంట్రోలర్లు ఉంటాయంటారు కదా, వాటి సంగతేంటి?

చెరువుగట్టు_ప్యానెల్:

డీఎస్పీ కంట్రోలర్ అంటారు, రిచ్‌ఆటో ఏ11 అలాంటిదే. ఫైలు దాని మెమరీలోకి ఎక్కించుకుని నడుపుతుంది కాబట్టి యూఎస్‌బీ తెగే ప్రశ్నే లేదు. కానీ అది జీఆర్‌బీఎల్ బోర్డు స్థానంలో వస్తుంది, దానికి కలిపేది కాదు. మీ స్టెప్పర్ డ్రైవర్లు (రౌటర్‌ని కదిపే మోటార్లకి కరెంటు ఇచ్చే సర్క్యూట్లు) విడిగా ఉంటేనే దానికి తగిలించగలరు. డ్రైవర్లు బోర్డు మీదే గుచ్చి ఉంటే అవి కూడా మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. గోడలోంచి కేబుల్ వేసి, వేరే లైను ఇచ్చి చూడండి. అప్పటికీ తెగితే అప్పుడు దీని వైపు రండి.

పెన్‌డ్రైవ్‌కి మూత ఉన్నది కొనండి, సాకెట్లోకి పొట్టు కుక్కేది చాలాసార్లు అదే.