కాలువ గట్టున పడవ షెడ్డు వేసుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొబ్బరాకు:
నమస్తే అందరికీ. అమలాపురం దగ్గర నాన్నగారి వాటాగా వచ్చిన ముప్పై సెంట్ల కొబ్బరి తోట ఉంది, ఒక పక్క పొడవునా కాలువే. ఉండేది హైదరాబాద్‌లో, నెలకోసారి వెళ్తాను. మొన్న ఒకాయన దగ్గర 16 అడుగుల ఫైబర్ పడవ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పుడు దానికి గూడు కావాలి. నా ప్లాన్ ఏంటంటే గట్టుని పడవ పట్టేంత వెడల్పున తవ్వేసి, నీళ్లు తోటలోకి వచ్చేలా చేసి, పైన రేకులు వేసేయడం. పడవ నేరుగా లోపలికి వచ్చేస్తుంది. మేస్త్రి లక్షన్నర అవుతుందన్నాడు, పంచాయతీలో ఒక మాట చెబితే చాలన్నాడు. దిండిలో తిరిగే హౌస్ బోటు లాంటిది కాదండీ, వట్టి పడవ పెట్టుకునే షెడ్డు. పర్మిషన్లు ఏమైనా కావాలా?

లాకుల కాడ:
బాబూ, ముందు ఆ మేస్త్రికి ఫోన్ చేసి ఆగమని చెప్పండి. మా నాన్నగారు లస్కరుగా, అంటే కాలువ కాపలా పని, చేశారు, నేను పుట్టి పెరిగింది లాకుల పక్కనే. గట్టు తవ్వడం అనేది పర్మిషన్ అడిగే విషయమే కాదు. కాలువలో నీటి మట్టం చాలాచోట్ల పక్క పొలం కంటే ఎత్తులో ఉంటుంది, గట్టే దాన్ని పట్టుకుని ఉంటుంది. మీరు నాలుగడుగులు కోస్తే నీళ్లు మీ పడవ దగ్గర ఆగిపోవు, వెనకాల చేలోకి పోతాయి, అక్కడి నుంచి ఊళ్లోకి. గండి పడితే కేసు మీ మీదే, తిట్లు మీ నాన్నగారికి.

రెండోది, నీళ్ల అంచు దాకా స్థలం మీదే అనుకుంటున్నారు చూశారా, అది కాదు. దస్తావేజులో తూర్పు హద్దు కాలువ అని రాస్తారు కానీ కాలువ అంటే నీళ్లు మాత్రమే కాదు, గట్టు కూడా అందులో భాగమే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 మధ్య. ఆ కాలువలు సాగుకే కాదు, పడవలకి కూడా. మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవల్ని లాగేవారు, అందుకే గట్టుకి అంత వెడల్పు. అదంతా సర్కారు భూమే.

కొబ్బరాకు:
సార్ భయపెట్టేశారు. కానీ మా వరసలో అందరికీ గట్టు మీద ఏదో ఒకటి ఉంది కదా? ఒకాయనకి గేదెల పాక, ఇంకొకాయనకి ఏకంగా కరెంటు మీటరు ఉన్న కొట్టు. వాళ్లనెవరూ ఏమీ అనలేదు.

నాటుపడవ:
అనలేదు అంటే ఇంకా అనలేదు అని అర్థం బ్రదర్ 😀 నా కథ చెప్తాను. మాది రాజోలు వైపు. గట్టు మీద సరుగుడు బాదులు పాతి, తాటాకు కప్పి పడవకి పాక వేశాను, ఆరేళ్లు హాయిగా గడిచింది. ఒక వేసవిలో కాలువకి నీళ్లు కట్టేశాక పూడిక తీయడానికి పొక్లెయిన్ వచ్చింది. దానికి దారి గట్టు మీదే. ఉదయం ఎనిమిదికి ఫోన్, పదికల్లా ఖాళీ చేయాలని. నేనేమో కాకినాడలో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే బాదులన్నీ ఒక పక్క కుప్ప, పాక లేదు. డ్రైవరుని తిట్టాలనిపించింది కానీ అతని తప్పేముంది, అతను వెళ్లాల్సిన దారిలో నేను పాక వేశాను.

మీటరు ఉంటే, పన్ను రసీదు ఉంటే స్థలం మనదైపోదు. 1905 నాటి ఆక్రమణల చట్టం ఇప్పటికీ బతికే ఉంది, ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పమని అడిగే సెక్షన్ 7 నోటీసు దాని కిందే వస్తుంది. మా పక్కాయనకి వచ్చింది, ఆ టెన్షన్ చూశాను.

ప్లాను గీసేవాడు:
బిల్డింగ్ ప్లాన్లు గీయడం నా పని కాబట్టి ఆ ముక్క చెప్తాను. మీ ఊరు మున్సిపాలిటీ గానీ యూడీఏ (పట్టణాభివృద్ధి సంస్థ) గానీ పరిధిలో ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే కాలువ పక్కన బఫర్, అంటే ఖాళీ స్థలం, వదలాలి. 2012 నాటి జీవో 168 ప్రకారం కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు అని ఉండేది. అందరూ పొరపాటు పడేది ఎక్కడంటే, ఆ 9 మీటర్లు నీళ్ల దగ్గర్నుంచి కొలుస్తారు. కొలవాల్సింది కాలువ హద్దు నుంచి, అంటే గట్టు బయట ఉండే హద్దు రాయి నుంచి. ఆంధ్రలో 2017లో కొత్త బిల్డింగ్ రూల్స్ వచ్చాయి, ఆ తర్వాత సవరణలూ ఉన్నాయి కాబట్టి ఆఫీసులో ఇప్పటి కాపీ అడిగి తీసుకోండి, నా మాట మీద పునాది తీయకండి.

ఇంకో సంగతి, అది సాగునీటి కాలువా, మురుగు కాలువా? సముద్రానికి దగ్గరగా ఉన్న డ్రెయిన్లలో పోటు నీళ్లు పైకి వస్తాయి. పోటు తగిలే నీళ్లయితే తీరప్రాంత కట్టడాల నియంత్రణ, అదే సీఆర్‌జెడ్ గొడవ మొదలవుతుంది. ఎండాకాలంలో ఉప్పు లీటరుకి 5 గ్రాములు ఎంతవరకు కనపడుతుందో అక్కడిదాకా పోటు ప్రభావం ఉన్నట్టు లెక్క. పక్కన మడ చెట్లు ఉంటే ఇక ఆలోచించకండి.

కేప్ కోరల్ బాబాయ్:
ఫ్లోరిడా నుంచి. మా ఊళ్లో కాలువలే 400 మైళ్ల పైన ఉన్నాయి, ఇంటి వెనక పడవ ఉండటం ఇక్కడ ఇంటి ముందు స్కూటర్ ఉన్నట్టు. ఇక్కడైతే అంతా ఫ్రీ అనుకుంటారేమో, కాదు. రాష్ట్రానికి చెందిన నీటి అడుగు నేల మీద కట్టేటప్పుడు పక్కింటి వాళ్ల నీటి హద్దు గీత నుంచి 25 అడుగులు వదలాలి, గట్టుకి ఆనుకుని పొడుగ్గా వేసే డాక్ (పడవ కట్టే వేదిక) అయితే 10. నీళ్ల మీద 1000 చదరపు అడుగులు దాటకపోతే రాష్ట్ర పర్యావరణ పర్మిట్ నుంచి మినహాయింపు ఉంది, ప్రత్యేకంగా కాపాడే నీళ్లయితే 500. ఆ మినహాయింపు చూసుకుని సిటీ పర్మిట్ అక్కర్లేదనుకున్నవాళ్లు బుక్కైపోయారు. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను వచ్చినప్పుడు మా లైన్లో నాలుగిళ్ల గట్టు గోడ కూలింది, పైన డాక్ ఎంత గట్టిగా ఉన్నా ఏం లాభం. తేడా ఒక్కటే, ఇక్కడ ఎవర్ని అడగాలో తెలుస్తుంది 😀

నాటుపడవ:
బాబాయ్ గారూ, మాకు 96 నవంబరు తుపాను చాలండీ. మా ఇంటి రేకు మూడు తోటలు దాటి దొరికింది. కొబ్బరాకు గారూ, షెడ్డు ఎక్కడ వేసినా రేకులకి జె హుక్కులు గట్టిగా బిగించి స్తంభాలు కనీసం మూడడుగులు లోతు పాతండి.

అసలు మీకు నీళ్లలో షెడ్డు ఎందుకు? వేసవిలో నెల పైగా కాలువకి నీళ్లు కట్టేస్తారు, అప్పుడు పడవ బురదలో ఒరిగి పడి ఉంటుంది. మిగతా రోజుల్లో గుర్రపుడెక్క వచ్చి మూతికి చుట్టుకుంటుంది. నేను ఇప్పుడు తోటలోనే పాక వేసుకున్నాను, రెండు మోటార్ సైకిల్ చక్రాలతో వెల్డింగ్ షాపులో ట్రాలీ చేయించాను, కొబ్బరి మొద్దుకి చేతి వించి (తాడు చుట్టి లాగే చక్రం) కట్టాను. ఇద్దరం ఉంటే పావుగంటలో పడవ పైకి. నాది చెక్క పడవ కాబట్టి ఎండలో పలకలు ఎండి కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి, తడి గోనెలు కప్పి ఉంచాలి, దింపే ముందు సందుల్లో నార కూరి తారు పుయ్యాలి. మీది ఫైబర్, ఆ బాధ లేదు. ఎండ తగలకుండా నీడ ఉంటే చాలు, బోర్లించి పెట్టండి, వాన నీళ్లు నిలవవు.

లాకుల కాడ:
ఇది మంచి మాట. పడవ దింపడానికి పాత రేవు ఉంటే అదే వాడుకోండి, కొత్తగా మెట్లు కట్టాలంటే ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి కాగితం పెట్టండి. ఇంజను బిగించే ఆలోచన ఉంటే చెప్పండి, 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగాక పడవ అంటేనే పోలీసులు కూడా అడుగుతున్నారు. లైఫ్ జాకెట్లు మర్చిపోకండి.

కొబ్బరాకు:
రెండు నెలల తర్వాత అప్‌డేట్. మండల సర్వేయర్‌తో కొలిపించాను. రాయి ఎక్కడ దొరికిందో తెలుసా, మా కంచెకి పదకొండు అడుగులు లోపల. అంటే ముందు వరస కొబ్బరి చెట్లన్నీ కాలువ వాళ్ల స్థలంలోనే ఉన్నాయి, తాతయ్య వేసిన చెట్లు. అమ్మకి ఇంకా చెప్పలేదు. మేస్త్రికి ఇచ్చిన పదివేల అడ్వాన్సులో నాలుగు వేలు వెనక్కి వచ్చింది. షెడ్డు రాయి నుంచి బాగా లోపలికి, పశువుల కొట్టం పక్కన, ఇనప పైపులతో బోల్టులు విప్పితే ఊడిపోయేలా వేయిస్తున్నాను. ఆ ముందు వరస చెట్ల దింపు మాత్రం తీసుకోవచ్చా లేదా?

లాకుల కాడ:
కాయలు దింపుకోండి ఆయ్, కంచె మాత్రం మీరే వెనక్కి జరపండి. వాళ్లు వచ్చి జరిపితే చెట్లు కూడా లెక్కలోకి వస్తాయి.