నడిచేది అస్థిపంజరమా, కంకాళమా?

ప్రశ్న: ఫాంటసీ నవలల్లో సమాధి పగలగొట్టుకుని కత్తితో లేచొచ్చే ఎముకల సైనికుణ్ణి తెలుగులో ఏమనాలి? అస్థిపంజరం అంటే ల్యాబులో తీగలతో, స్క్రూలతో బిగించి వేలాడదీసిందే గుర్తొస్తోంది. బేతాళుడు అనొచ్చా? ఇంకా కండ మిగిలి ఉన్నవాడికి వేరే మాట కావాలా?

జవాబు: బేతాళుడు వద్దండి. ఆయన శవం కాదు, శవాన్ని ఆవహించేవాడు. విక్రమార్కుడు భుజాన మోసేది శవాన్ని, కథ చెప్పేది అందులో దూరిన బేతాళుడు. దయ్యమూ కుదరదు, దానికి సొంత ఒళ్ళంటూ లేదు. నా ఓటు కంకాళానికి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో, మనిషి గురించిన మాటలుండే మనుష్యవర్గంలో ఒక్క శ్లోకంలోనే ఈ సరంజామా అంతా ఉంది: ఒంటి ఎముకల గూడు కంకాళం, వెన్నెముక కశేరుక, పుర్రె కరోటి, పక్కటెముక పర్శుక.

పైగా ‘పంజరం’ ఇక్కడ నిలవదు. 12 జతల పక్కటెముకల్లో పై 7 జతలు మృదులాస్థితో, అంటే మెత్తటి ఎముకతో, నేరుగా రొమ్ము ఎముకకు అతుకుతాయి. తర్వాతి 3 జతలు తమ పైదాని మృదులాస్థిని పట్టుకుంటాయి. చివరి 2 జతలకు ముందువైపు ఏ ఆధారమూ లేదు. ఆ మృదులాస్థి కుళ్ళిందా, రొమ్ము ఎముక ఊడి కింద పడుతుంది, గూడు ముందువైపు బార్లా తెరుచుకుంటుంది. అది పంజరమెలా అవుతుంది?

జవాబు: కంకాళం బాగుంది. కానీ పేరు పెట్టే ముందు ఎముకలను ఏది పట్టి ఉంచుతోందో రచయిత తేల్చుకోవాలి. కీళ్ళన్నీ ఒకేసారి విడిపోవు. చేతివేళ్ళు, పాదాల ముందు భాగం, మెడపూసలు ముందు విడిపోతాయి. నడుముపూసలు, మోకాలు, చీలమండ చాలాకాలం పట్టు వదలవు. అంటే సగం కుళ్ళినవాడు నడవగలడేమో గానీ కత్తి పట్టలేడు, ఒక్కో చేతిలో ఉన్న 27 ఎముకలూ అప్పటికే రాలుతుంటాయి. మోకాలిచిప్ప తొడ కండర బంధనంలో పొదిగి ఉంటుంది కాబట్టి అది పోతే చిప్పా జారిపోతుంది. భుజం వెనక రెక్క ఎముకను వీపుకు అదిమి ఉంచేవి కండరాలే. మధ్య బిళ్ళలు లేక వెన్ను పొడవు సుమారు నాలుగో వంతు తగ్గిపోతుంది, బతికున్నప్పటి కవచం వదులైపోతుంది. ఇన్నీ మంత్రం పట్టి ఉంచుతోందంటే సరే, ఆ ముక్క కథలో చెప్పాలి.

ఇక్కడే భాష దెబ్బతీస్తుంది. ‘ఎముకలకు నరాలు వేలాడుతున్నాయి’ అని రాస్తే ఏ నరాలు? వాడుకలో నరం అంటే మెదడు నుంచి వచ్చే నాడీ, చేతి మీద ఉబ్బి కనిపించే రక్తనాళమూ, కండను ఎముకకు కట్టే బంధనమూ. ఎముకను ఎముకకు కట్టేది సంధిబంధనం. కథలో అంత బరువైన మాట వద్దనుకుంటే ‘కీళ్ళ దగ్గర ఎండిన పట్టీలు’ అనండి, పాఠకుడికి కళ్ళకు కడుతుంది.

జవాబు: మాట్లాడే కంకాళం సంగతి కూడా చూడాలి. నాలుకకు ఆధారం గొంతులోని కంఠికాస్థి, అది మరే ఎముకకూ అతకదు. కండ పోగానే అదే రాలిపోతుంది. ‘నరం లేని నాలుక’ అని మనుషులను తిడతాం, కంకాళానికి నాలుకే లేదు. పలుకు కావాలంటే శబ్దం పుర్రెలోంచి రానివ్వండి, దవడ ఊరికే ఆడించొద్దు. ‘ఎముక లేని చెయ్యి’ అనే మాట దాతకు వాడతాం గనక, ఎముకలే మిగిలిన చేతిని వర్ణించేటప్పుడు ఆ జాతీయం గుర్తుంచుకుని రాస్తే తెలుగు వాసన వస్తుంది.

జవాబు: ఒక ప్రాంతీయ హెచ్చరిక. ‘బొక్కల సైనికుడు’ అంటే తెలంగాణ పాఠకుడికి ఎముకలవాడు, కోస్తా పాఠకుడికి చిల్లులవాడు. సంభాషణలో పాత్ర తెలంగాణవాడైతే తప్పకుండా వాడండి, కథనంలో వద్దు. లెక్క రాసేటప్పుడూ చూసుకోవాలి: పెద్దవాళ్ళ ఎముకలు నేటి లెక్కకు 206, ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడి లెక్కకు 300. ఆయన పళ్ళనూ తరుణాస్థులనూ (మృదులాస్థులనూ) కలుపుకున్నాడు. కథలోని మాంత్రికుడు సుశ్రుతుడి వైద్యం చదివినవాడైతే 300 అనే అనాలి.

ప్రశ్న అడిగినవారు: అయితే కండ ఉంటే పీనుగు, కీళ్ళు పట్టి ఉంటే కంకాళం, విడిపోతే ఉత్త ఎముకలు. మూడు దశలు, మూడు మాటలు. మొదటి అధ్యాయంలో ‘అస్థిపంజరం’ అన్నచోటల్లా మారుస్తున్నాను.