అప్‌డేట్: స్విఫ్ట్‌కు సర్వీస్ బ్యూరోనే ఖాయం చేశాం

నా మొదటి ప్రశ్న: విదేశీ మెసేజ్‌లు తక్కువగా ఉండే సహకార బ్యాంకు స్విఫ్ట్‌కు (బ్యాంకుల మధ్య విదేశీ చెల్లింపుల మెసేజ్‌లు నడిపే నెట్‌వర్క్) సొంత సర్వర్లు పెట్టుకోవాలా, సర్వీస్ బ్యూరో (తన సర్వర్ల ద్వారా బ్యాంకులను స్విఫ్ట్‌కు కలిపే సంస్థ) ద్వారా కలవాలా? బ్యూరోకే వెళ్తున్నాం. సలహాలిచ్చిన వారందరికీ థ్యాంక్స్.

ధర చివర్లో చూశాం. స్విఫ్ట్ ఇచ్చే బ్యూరో సర్టిఫికేషన్ ఇప్పటికీ చెల్లుతోందా అన్నది మొదటి వడపోత. రెండోది డేటా: రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్ ఆదేశం ప్రకారం చెల్లింపుల డేటా మన దేశంలోనే నిల్వ ఉండాలి. డిజాస్టర్ రికవరీ సైట్ (ప్రధాన కేంద్రం పడిపోతే వాడే ప్రత్యామ్నాయ కేంద్రం) విదేశంలో పెట్టిన ఒక బ్యూరో ఇక్కడే ఆగిపోయింది.

అసలు తలనొప్పి ఆర్కిటెక్చర్‌ది. మెసేజ్‌లను బ్యూరో ఇచ్చే పేజీలో, బ్రౌజర్‌లో టైప్ చేసి పంపితే స్విఫ్ట్ భద్రతా వర్గీకరణలో మనది 'బి' రకం, పాటించాల్సిన భద్రతా కంట్రోల్స్ తక్కువ. కానీ సీబీఎస్‌తో (ఖాతాలన్నీ నడిపే కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్) లంకె లేకపోతే ఏమవుతుందో 2018లో పీఎన్‌బీ (పంజాబ్ నేషనల్ బ్యాంక్) వ్యవహారం చూపించింది: సీబీఎస్‌లో నమోదు కాకుండానే స్విఫ్ట్ మెసేజ్‌లు వెళ్లిపోయాయి. అందుకే సీబీఎస్ నుంచి నేరుగా ఫైళ్లు వెళ్లే కనెక్టర్ పెడుతున్నాం. దాంతో 'ఏ4' రకం అవుతాం, కంట్రోల్స్ పెరుగుతాయి. ఏటా డిసెంబర్ 31లోపు అటెస్టేషన్ (ఆ కంట్రోల్స్ పాటిస్తున్నామని స్విఫ్ట్‌కు ఇచ్చే ధ్రువీకరణ) మన బిక్ (స్విఫ్ట్‌లో బ్యాంకు గుర్తింపు కోడ్) మీదే, స్వతంత్ర అసెస్‌మెంట్‌తో ఇవ్వాలి. బ్యూరో దాన్ని మోయదు.

ఎంటీ 103ను (కస్టమర్ చెల్లింపుల పాత మెసేజ్ ఫార్మాట్) ప్యాక్స్.008గా (దాని స్థానంలో వచ్చిన కొత్త ఫార్మాట్) మార్చే పని ఎవరిదో ఒప్పందంలో రాయించండి. చిరునామాలో ఊరు, దేశం విడి గడుల్లో లేకపోతే కన్వర్టర్ ఏమీ చేయలేదు, సీబీఎస్ కస్టమర్ మాస్టర్‌నే సరిదిద్దాలి.

బిక్, ఆర్ఎంఏ అనుమతులు (ఏ బ్యాంకుతో మెసేజ్‌లు నడపవచ్చో చెప్పేవి) మనవే కాబట్టి బ్యూరో మారినా ఉంటాయి. పాత మెసేజ్‌ల ఆర్కైవ్ ఏ ఫార్మాట్‌లో తిరిగిస్తారో మాత్రం సంతకానికి ముందే తేల్చుకోండి.